ముందు టైర్ల గాలి

లిగోరికి నోయెల్లా మీద మనసైందని ఇర్మా పకెట్ పోస్టాఫీసులో అందట. అన్నది సోమవారం. మంగళవారం పొద్దునకల్లా ఆ మాట రొట్టెల కొట్టు మీదుగా తిరిగి తిరిగి లిగోరి వంటింట్లోకే వచ్చి కూచుంది. మోసుకొచ్చింది కట్టుకున్న పెళ్ళామే.

“వట్టినే అనలేదట, వరసగా లెక్క చెప్పిందట,” అంది మార్సెలిన్, పెనం మీద బంగాళాదుంప ముక్కలు తిరగేస్తూ. “పడిపోయిన బండి బాగుచేసి ఒక్క సెంటు పుచ్చుకోలేదు, ఒకటి. వేసవంతా ఆవిడ పెరట్లో గడ్డి కోశావు, రెండు. చలిపొయ్యికి కట్టెలు కొట్టి గుమ్మం పక్కన పేర్చావు, మూడు. మొగుడు పోయిన ఆడదాని గుమ్మంలో కట్టెలు అంత తీరుగా పేర్చిన మగాడి బుద్ధి ఎటు పోతోందో చెప్పడానికి జోస్యం రావాలా, అందట.”

లిగోరి కాఫీలో చెంచా తిప్పాడు.

“నేనూరుకున్నానా? కొట్టు బయటే ఎదురుపడితే, ‘ఇర్మా, ఆయన ఐదింటికి లేస్తాడు, ఎనిమిదింటికి గురక పెడతాడు. ఆ మధ్యలో ఒంటినిండా గ్రీజు. అయినా కావాలని ఎవత్తైనా అంటే చెప్పు, రెండు జతల ఉన్ని మేజోళ్ళు కూడా ఇచ్చి పంపిస్తా’ అన్నా.” తన మాటకి తనే పెనం వణికేలా నవ్వింది. మొగుడి వైపు చూసి ఆపింది. “నవ్వవేం? కొంపదీసి నిజమేంటి?”

“నీ మొహం,” అన్నాడు లిగోరి. టోపీ తీసుకుని బయటికి నడిచాడు.

ఐదింటికి లేవడం ఆవుల నాటి అలవాటు. ఆవుల్ని అమ్మేసి పదకొండేళ్ళయినా అలవాటు మాత్రం అమ్ముడుపోలేదు. లేచి కొట్టంలోకి వెళ్ళేవాడు, లైటు వేసేవాడు. ఆవులు కట్టినచోట ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ మోటారుసైకిళ్ళు కట్టేసి ఉంటాయి. అక్టోబరు నెలాఖరుకి అందరూ తమ బళ్ళు తెచ్చి ఆయన చేతుల్లో పెట్టి పోతారు. మళ్ళీ మే నెలలో రోడ్డు తేలాక వచ్చి తీసుకుపోతారు. మధ్యలో ఆర్నెల్లు మంచు. ఒక్కో బండి నిలబెట్టే చోట పైన దూలానికి ఆవు పేరు రాసిన పాత చెక్క ఇంకా వేలాడుతూనే ఉంది. నోయెల్లా బండికి ఎప్పుడూ బ్లాంషెట్ చోటే. బ్లాంషెట్ తన్నని ఆవు.

ఇంకా ఆ చోటొక్కటే ఖాళీ.

నోయెల్లా ఇల్లు వంతెన అవతల, మూడు కిలోమీటర్లు. లిగోరి నడిచే వెళ్ళాడు, తిరిగి వచ్చేటప్పుడు బండి మీద రావాలి గనక. ఆకాశం మీద తెల్ల బాతులు బారులు కట్టి దక్షిణానికి పోతున్నాయి. చెట్లు సగానికి సగం దులిపేసుకున్నాయి.

ఆమె గుమ్మంలోనే ఉంది, చనిపోయిన మొగుడి గళ్ళ చొక్కా వేసుకుని. అరవైనాలుగేళ్ళ మనిషి, పొట్టిగా, దిట్టంగా. తలుపు పక్కన మేకుకి స్కూలు బస్సు తాళాలు వేలాడుతున్నాయి. వాటికి ఎర్ర ఊలు కుచ్చు. ఎప్పుడో ఒక పిల్లది అల్లి ఇచ్చింది. ఆ పిల్ల కూతురు కూడా ఇప్పుడు అదే బస్సులో బడికి పోతోంది.

“షెడ్డు తీసే ఉంది. నువ్వే తోలుకుపో, నేను ముట్టను,” అంది.

“చెయ్యెలా ఉంది?”

కుడి మణికట్టు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూపించింది. “డాక్టరు సంతకం పెట్టేశాడు. బస్సు కాదు, కావాలంటే దుంగల లారీ తోలుకోమన్నాడు. మణికట్టుకేం, రాయిలా ఉంది. చెడింది ఇక్కడ.” వేలితో కణత మీద కొట్టుకుంది. “శుక్రవారం తాళాలిచ్చేస్తున్నా, లిగోరీ.”

“ఏ తాళాలు?”

“ఏ తాళాలేంటి, బస్సువి. నవంబరు ఒకటి, సకల పునీతుల పండగలోపు ఏ సంగతో తేల్చమన్నారు. పాపం బస్సువాళ్ళు మే నుంచీ ఇంకో తాళంతో ఎవరో ఒకరిని తోలిస్తూ ఆగారు. పొరుగూరి పిల్లొకతి నా రూటుకి పేరు రాయించుకుని కాచుక్కూచుంది. పోన్లే, వయసులో ఉంది.”

“ఇరవై ఆరేళ్ళు తోలావు గదే.”

“తోలాను. నలభై ఒక్కమంది పిల్లలు.” ఆమె తన రెండు చేతులూ ముందుకు చాపి వాటి వంక చూసింది. ఎవరో అప్పిచ్చిన చేతుల్ని చూసినట్టు. “మే నెలలో బండి మీంచి పడ్డప్పుడు ఆ మలుపులో నేనేం చేశానో నాకివాళ్టికీ తెలీదు. కాలు బ్రేకు తొక్కిందా, చెయ్యి అటు తిప్పిందా... ఎంత గుర్తు చేసుకున్నా అక్కడ ఏమీ లేదు. బండి ఉంది, మరుక్షణం మురిక్కాలవలో ఉన్నాను. తన చేతులేం చేశాయో తనకే తెలియని మనిషికి నలభై ఒక్కమందిని అప్పజెబుతారా? వాళ్ళు అప్పజెప్పినా నేను పుచ్చుకోను.”

లిగోరి షెడ్డు వైపు తిరిగాడు.

“బండి వసంతంలో అమ్మేస్తా,” అంది నోయెల్లా. “అందాకా ఎప్పట్లాగే సర్దిపెట్టు. కొనేవాడికి మురికి బండి ఇచ్చానన్న మాట నాకొద్దు.”

మూడు చక్రాల మోటారుసైకిలు అది, ముందు రెండు, వెనక ఒకటి. ఎర్ర రంగు. మోకాళ్ళు అరిగిపోయాక రెండు చక్రాల బండిని నిలబెట్టలేక, స్వారీ మానలేక, ఆ వయసువాళ్ళు ఇలాంటివి కొనుక్కుంటారు. ఆమె మొగుడు పోయిన ఏడాది కొంది. వితంతువు నల్లబట్టలు కట్టడం మానేసి ఎర్రబండి కొందని అప్పట్లో అన్నది కూడా ఇర్మానే.

లిగోరి బండెక్కి వంతెన దాటాడు. అవతల చర్చి మలుపు. మంచు మీద బళ్ళు జారకుండా చలికాలం చల్లిన ఇసుక మే నెలలో అక్కడ ఇంకా ఊడ్చి ఉండరు. ఇప్పుడు రోడ్డు శుభ్రంగా ఉంది. అయినా ఆయన మలుపు రాకముందే వేగం తగ్గించి, నడిచే మనిషంత నెమ్మదిగా తిప్పాడు. వెనక పాల ట్యాంకరువాడు హారన్ కొట్టాడు. లిగోరి చెయ్యెత్తి పొమ్మన్నాడు గాని వేగం పెంచలేదు.

ఆమె పడ్డ రోజు ఆ మలుపు నుంచి బండిని లాక్కొచ్చి ఆయన వాకిట్లోనే దించారు. సాయంత్రం ఆరు. లాక్కొచ్చినవాడు వెళ్ళిపోయాక లిగోరి ఎందుకో, అలవాటు కొద్దీ, జేబులోంచి గాలి కొలిచే గొట్టం తీసి ముందు ఎడం టైరుకి పెట్టాడు. ముప్ఫై ఎనిమిది. పదహారు ఉండాలి. కుడి టైరుకి పెట్టాడు. ముప్ఫై ఎనిమిది.

చలికాలం ఆర్నెల్లూ బండి ఒక్కచోటే నిలబడితే కింది భాగం నొక్కుకుపోయి టైరు గుండ్రం పోతుంది. అందుకని గాలి ఎక్కువ కొట్టి పెడతారు. వసంతంలో దించాలి. దించకపోతే టైరు రాయి. రాయిలాంటి టైరు ఇసుక మీద గోళీకాయలా పోతుంది. ఇది లిగోరికి తెలుసు. ఇది ఎవరికి తెలియకపోయినా లిగోరికి తెలుసు.

ఆయన వాకిలి వంక చూశాడు, రోడ్డు వంక చూశాడు. మోకాళ్ళ మీద కూచుని ఎడం టైరు సూది నొక్కాడు. స్స్‌స్... అని మొదలైంది. ఎంతసేపు! పదహారుకి దిగేదాకా బొటనవేలు తీయలేదు. తర్వాత కుడి టైరు.

మర్నాడు నోయెల్లా ఆసుపత్రి నుంచి తనే ఫోను చేసింది. “నాదే తప్పు, లిగోరీ. బ్రేకు గట్టిగా తొక్కి ఉంటాను. నీ పనంతా పాడు చేశాను, ఏమనుకోకు,” అంది. ఆయన ఏమనుకోలేదు. “నువ్వు ముందు కోలుకో,” అన్నాడు.

బుధవారం పొద్దున ఆయన బండి కడిగాడు. వేడినీళ్ళు, మెత్తటి బ్రష్షు, చక్రాల పుల్లల మధ్య పాత పళ్ళ బ్రష్షు. ఆకులు ఊదే మిషనుతో సందుసందునా నీళ్ళు ఎగిరిపోయేలా గాలి పట్టాడు. నీటి చుక్క ఎక్కడున్నా అక్కడ తుప్పు పుడుతుంది. తర్వాత ట్యాంకు అంచుదాకా నింపి, అందులో పెట్రోలు చెడకుండా కలిపే మందు పోసి, పది నిమిషాలు ఇంజను తిరగనిచ్చాడు. మందు గొట్టాల చివరిదాకా పోవాలి. ఇంజను వేడిగా ఉండగానే కింద పళ్ళెం పెట్టి బోల్టు విప్పాడు. నల్లటి ఆయిలు తాడులా దిగింది. వాడిన ఆయిలుతో చలికాలం దాటించకూడదు. దానిలో పులుపు చేరుతుంది, లోపల్లోపల ఇనుమును తింటుంది. పైకేమీ కనపడదు.

వేళ్ళు తుడుచుకుంటూ తలెత్తేసరికి వాకిట్లో నోయెల్లా. చేతిలో బుట్ట. రొప్పుతోంది.

“నడిచొచ్చావా?”

“నడిస్తే ఎవర్నీ గుద్దను గదా.” బుట్ట బల్ల మీద పెట్టి గుడ్డ తీసింది. “మాంసం రొట్టె. లోపల దుప్పి మాంసం, మా తమ్ముడు కొట్టాడు. ఇది పచ్చి టమాటాల పచ్చడి, ఈ ఏడు కొంచెం తీపెక్కువైంది. మార్సెలిన్ తిడుతుంది, తిట్టనీ. డబ్బు పుచ్చుకోనివాడికి ఇంకేం పెట్టను?”

“ఎందుకే ఇవన్నీ,” అన్నాడు లిగోరి.

“ఇర్మా మాటలు విన్నావా?”

“విన్నాను.”

“నేనూ విన్నా. నాకు మగాడే కావలిస్తే పళ్ళున్నవాణ్ణి చూసుకుంటాలే అని చెప్పు దానికి.” నవ్వింది. కొట్టంలోకి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ముట్టనన్న మనిషి, మైనం డబ్బా కనపడగానే గుడ్డ తీసుకుని మొదలుపెట్టింది. సీటు వెనక వంపులో, అద్దాల మెడల దగ్గర, వేలికి గుడ్డ చుట్టి చిన్నచిన్న సున్నాలు చుడుతూ. బస్సు అద్దాలు తుడిచే చెయ్యి. ఒక్క గీత మిగలనివ్వదు. లిగోరి బాటరీ తీగలు విప్పుతూ ఓరగా చూస్తున్నాడు. ముందు నలుపు తీగ, తర్వాత ఎరుపు. ఎన్ని వందలసార్లు విప్పాడో. ఇవాళ ఏది ముందో ఒక క్షణం తట్టలేదు.

“లిగోరీ.”

“ఊఁ.”

“ఒక్కటడుగుతా, నిజం చెప్పు. నాకు నొప్పేస్తుందని చూడకు.” ఆమె చెయ్యి ఎడం చక్రం పైరేకు మీద ఆగింది. వేసవిలో ఆయన కొత్తగా వేసిన రేకు. “నువ్వు మెకానిక్కువి. బండి విప్పి చూశావు, కట్టావు. నేనేం తప్పు చేశాను? బ్రేకా? వేగమా? నలభై దాటి లేదని నాకు గుర్తు. అదీ తప్పు గుర్తేనా?”

కొట్టం పైకప్పు మీద పావురం ఏదో గోళ్ళతో నడిచింది. బాటరీ రెండు చేతుల్లో ఉంది, బరువు. దాన్ని కింద పెట్టొచ్చు. కింద పెట్టి చెప్పొచ్చు.

“ఇసుక,” అన్నాడు లిగోరి.

“ఇసుక ఏటా ఉంటుంది.”

“ఈ ఏడు ఎక్కువ చల్లారు.”

ఆమె ఆయన వంక చూసింది. అనుమానంతో కాదు, అదైతే బాగుండేది. పిల్లాడు పరీక్ష తప్పిన మాట దాచిపెట్టే వాళ్ళమ్మను చూసినట్టు, జాలిగా చూసింది. “సరేలే,” అంది. “నువ్వు మంచాడివి. అందుకే చెప్పవు.”

గుడ్డ మడిచి డబ్బా మీద పెట్టింది. వెళ్తూ సీటు మీద రెండుసార్లు అరచేత్తో తట్టింది, ఆవును తట్టినట్టు. రోడ్డెక్కి కనుమరుగయ్యేదాకా లిగోరి బాటరీ పట్టుకునే నిలబడ్డాడు. ఆ తర్వాత, ఆ ప్రాంతంలో తిట్లంటే అవే గనక, చర్చి పీఠం మీద ఉండే సామాను పేర్లన్నీ ఒక్కటి కూడా వదలకుండా తిట్లుగా వరసపెట్టాడు. ఎవర్ని తిడుతున్నాడో బండికి తెలుసు.

గురువారం చిన్న పనులు. పొగ గొట్టం నోట్లో ఇనుప పీచు కుక్కాలి, ఎలకలు దూరకుండా. సీటు కింద, సామాను పెట్టెలో, బట్టలారేసే మిషనులో వేసే వాసన కాగితాలు పరచాలి. ఎలకలకి ఆ వాసన పడదు. మీటలకి నూనె చుక్కలు. చక్రాల కింద చెక్కలు, చల్లని సిమెంటు తగలకుండా. ఇవన్నీ అయిపోయాయి. మూడు దాటింది. ఇక మిగిలింది గాలి.

గాలి పంపు గొట్టం లాక్కొచ్చి ఎడం టైరు దగ్గర కూచున్నాడు. సూది మూత విప్పాడు. మిగతా పది బళ్ళకీ కొట్టేశాడు. చెయ్యి దానంతటదే పోయింది. దీని దగ్గర పోలేదు. పంపు వెనకాల దడదడ కొట్టుకుంటోంది. గొట్టం మూతి సూదికి ఆనించగానే కొంచెం గాలి పక్కనుంచి తప్పుకుంది. స్స్‌స్. లిగోరి చటుక్కున గొట్టం లాగేశాడు.

“పాత దుప్పట్లు తెచ్చా,” అంటూ మార్సెలిన్ వచ్చింది. చేతుల మీద పూల దుప్పట్లు. బండికి ప్లాస్టిక్ కప్పకూడదు, లోపల చెమ్మ పడుతుంది. నూలు దుప్పటే మంచిది. “పట్టీలేవి? గాలికి ఎగరకుండా పెట్టే పట్టీలు?”

“ఆ కాఫీ డబ్బాలో చూడు. ఎర్రది కాదు, పచ్చది.”

ఆమె ఎర్ర డబ్బానే తెరిచింది. పచ్చది వెనక ఉంది, ఎర్రది ముందుంది. అందులో పట్టీల్లేవు. చిల్లు గుచ్చిన అట్టముక్క ఒకటి ఉంది, దారంతో సహా.

ప్రతి బండి చేతిపిడికీ లిగోరి అలాంటి అట్ట కడతాడు. చలికాలంలో ఏమేం చేశాడో, వసంతంలో ఏమేం విప్పాలో ఆయన చేత్తోనే రాస్తాడు. ఒక్కో పని అయ్యాక పక్కన నీలం గీత. ఊళ్ళో అందరికీ ఆ అట్ట మీద నమ్మకం. గీతలన్నీ ఉంటే కళ్ళు మూసుకుని బండెక్కేస్తారు.

మార్సెలిన్ కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని చదివింది. “‘బాటరీ పెట్టాలి. పొగగొట్టం పీచు తీయాలి. ముందు టైర్ల గాలి దించాలి. బ్రేకులు చూడాలి.’ నోయెల్లాదా? మే నెలది. గీతలన్నీ ఉన్నాయిగా. దీన్నెందుకు దాచావు?”

ఆయన పంపు ఆపేశాడు.

“మూడోది చెయ్యలేదు,” అన్నాడు.

“గీత ఉందిగా.”

“గీత పెట్టాను. గాలి దించలేదు. ఆ శనివారం మొదటిసారి ఎండ కాసింది. ఏడుగురు ఒకేసారి వాకిట్లోకొచ్చారు, అందరికీ అప్పుడే కావాలి. అట్టలన్నీ ముందేసుకుని గీతలు ముందే పెట్టేశా. తర్వాత చేద్దామని. ఆమెది చేశాననే అనుకున్నా.” గొట్టం చేతిలో మెలిపెట్టాడు. “ముప్ఫై ఎనిమిది ఉంది, మార్సెలిన్. పడ్డాక చూశా. చూసి దించేశా.”

మార్సెలిన్ దుప్పట్లు మెల్లగా బల్ల మీద పెట్టింది. పూల వైపు పైకి వచ్చేలా సర్దింది. ఆమెకు ఏదన్నా మింగుడు పడనప్పుడు చేతులు ఇలాగే ఏదో ఒకటి సర్దుతాయి.

“అయితే ఆ గడ్డి కోసిందీ, కట్టెలు కొట్టిందీ...”

“ఊఁ.”

“ఇర్మా అన్నదే నిజమైనా ఇంతకన్నా బాగుండేది,” అంది మార్సెలిన్. గొంతులో నవ్వు లేదు. “రేపేం వారం?”

“శుక్రవారం.”

“తెలుసుగా మరి. కారు తాళం మేకుకే ఉంది. ఇప్పుడే వెళ్ళు.”

“ఇలా సగం పనిలో పెట్టుకుని ఏం వెళ్ళను? బండి పూర్తి చేసి, రేపు వెళ్తా. దుప్పటి కప్పి, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూపించి, అప్పుడు చెప్తా. రేపు సాయంత్రందాకా టైముంది.”

“సాయంత్రందాకా అని ఆమె చెప్పిందా?”

“శుక్రవారం అంది. శుక్రవారం అంటే శుక్రవారమంతా కాదూ?”

మార్సెలిన్ అట్టముక్క ఆయన చొక్కా జేబులో పెట్టి, జేబు మీద ఒకసారి నొక్కి, వెళ్ళిపోయింది. మాంసం రొట్టె ఆ పూట ఇద్దరూ ముట్టలేదు.

శుక్రవారం లిగోరి ఐదింటికే లేచాడు. కొట్టంలో లైటు వేసి, మిగిలిన పని ముందేసుకున్నాడు. రెండు ముందు టైర్లకీ గాలి కొట్టాడు. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. కొత్త అట్ట తీసుకుని ఒక్కో మాటా విడివిడిగా రాశాడు. గీతలు పెట్టేచోట చిన్న డబ్బాలు గీశాడు, ఖాళీగా. ఏడు కాకముందే అంతా అయిపోయింది. దుప్పటి కప్పడమే తరువాయి.

కప్పబోతూ చూస్తే వెనక పొగగొట్టం మెరుగు మీద వేలి ముద్ర కనిపించింది. తుడిచాడు. తుడిచినచోట మెరిసి, పక్కన మాసినట్టు కనపడింది. అదీ తుడిచాడు. అలా గొట్టం పొడవునా పోయాడు. తర్వాత చక్రాల అంచులు. లోపలి వైపు కూడా, ఎవరూ చూడని వైపు. ఆమె ఈ బండి చూస్తే ఏ వంకా దొరక్కూడదు. ఈసారి చేసిన పనిలో ఒక్క లోపం ఉండకూడదు. అలా ఉంటే ఆ మాట చెప్పడం కొంచెం తేలికవుతుందేమో.

“ఇంకా వెళ్ళలేదా?” వంటింటి తలుపు దగ్గర్నుంచి మార్సెలిన్ కేకేసింది. ఎనిమిది.

“ఒక్క గొట్టం!”

“ఆ గొట్టానికి కాళ్ళొచ్చి నీకంటే ముందే పోయేట్టుంది!”

మైనం డబ్బా మూత పెట్టేసరికి తొమ్మిదిన్నర. స్నానం చేసి గడ్డం గీసుకున్నాడు. మాసిన గడ్డంతో ఇలాంటి మాట చెప్పకూడదనిపించింది. ఇస్త్రీ చొక్కా తొడిగి, పాత చొక్కా జేబులోంచి అట్ట తీసి దీని జేబులో పెట్టుకున్నాడు. బయట మొదటి మంచు మొదలైంది. నేల మీద పడగానే కరిగిపోయే రకం. కారు అద్దం తుడిచే రబ్బరు ఒకటి కీచుకీచుమంటోంది. చర్చి మలుపు దగ్గర ఆగి నిలబడ్డ పసుప్పచ్చ స్కూలు బస్సు ఎదురైంది. నడిపేది ఎవరో మంచుతెరలో కనపడలేదు. లిగోరి అటు పరిశీలనగా చూడలేదు కూడా. చెప్పబోయే మాటలు వరసగా పేర్చుకుంటున్నాడు.

నోయెల్లా వాకిట్లో రెండు జతల బూట్లున్నాయి. రెండోవి ఇర్మావి, బొచ్చు అంచువి. లిగోరి చెయ్యి తలుపు పిడి మీదే ఆగింది. తర్వాత వస్తే? ఆ ఒక్క మనిషి వెళ్ళాక? తలుపు అద్దంలోంచి ఇర్మా ఆయన్ని అప్పటికే చూసేసింది.

“వచ్చాడమ్మా పెళ్ళికొడుకు!” లోపల్నుంచి గట్టిగా వినపడింది. “చొక్కా కూడా ఇస్త్రీదే! నేనన్నానా, లేదా?”

లోపల పొయ్యి వెచ్చగా మండుతోంది. ఆయన పేర్చిన కట్టెలే. బల్ల మీద పేకముక్కలు పరిచి ఉన్నాయి, కాఫీ కెటిల్, మూడొంతులు తిన్న చక్కెర రొట్టె. నోయెల్లా పేకముక్కలు బోర్లించి కుర్చీ లాగింది. “కూచో. బండి అయిందా?”

“అయింది.” ఆయన కూచోలేదు. టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. ఇర్మా ముక్కలు విసనకర్రలా పట్టుకుని, వాటి మీదుగా ఇద్దర్నీ మార్చిమార్చి చూస్తోంది. ఇప్పుడు చెప్పేది సాయంత్రానికి పోస్టాఫీసులో ఉంటుంది, రేపటికి రొట్టెల కొట్లో. వచ్చే అక్టోబరుకి కొట్టంలో ఎన్ని బళ్ళుంటాయో.

“నోయెల్లా, నువ్వు మొన్న అడిగినదానికి నేను అబద్ధం చెప్పాను.”

జేబులోంచి అట్ట తీసి బల్ల మీద పెట్టాడు, బోర్లించిన పేకముక్కల పక్కన.

“ముందు టైర్లలో ముప్ఫై ఎనిమిది పౌన్ల గాలి ఉంది, నువ్వు పడ్డరోజు. పదహారు ఉండాలి. చలికాలానికని నేనే కొట్టాను. దించకుండా నీకిచ్చాను. అలాంటి టైర్లతో ఆ ఇసుక మీద ఎవరైనా పడేవాళ్ళే. నేనైనా పడేవాణ్ణి. నీ చేతులు ఏం తప్పూ చెయ్యలేదు. కాలూ చెయ్యలేదు.”

నోయెల్లా కళ్ళజోడు వెతుక్కుంది. అది తల మీదే ఉంది. దించుకుని అట్ట చదివింది, పెదాలు కదుపుతూ.

“ఈ గీత నువ్వు పెట్టిందేనా?”

“నేనే.”

“గాలి దించకుండా?”

“దించకుండా. ఆ శనివారం ఏడుగురు...”

“ఏడుగుర్ని నేనడగలేదు.” అట్ట తిప్పి వెనక్కి చూసింది. వెనక ఏమీ లేదు. “ఎప్పుడు తెలిసింది నీకు?”

“ఆ సాయంత్రమే. కొలిచి, గాలి తీసేశాను.”

ఇర్మా చేతిలోంచి ఒక పేకముక్క జారి నేల మీద పడింది. వంగి తీసుకోలేదు.

“ఆ సాయంత్రమే,” అంది నోయెల్లా. మే, జూన్, జూలై, అంటూ బొటనవేలితో కణుపులు లెక్కపెట్టింది. అక్టోబరు దగ్గర ఆగింది. తర్వాత తన రెండు చేతులూ బల్ల మీద పరిచి, మొన్నటిలాగే వాటి వంక చూసింది. కుడి చెయ్యితో ఎడం మణికట్టు పట్టుకుంది, ఎడం చెయ్యితో కుడి మణికట్టు పట్టుకుంది. చాలాకాలం తర్వాత ఇంటికొచ్చినవాళ్ళని తడిమినట్టు.

లిగోరి టోపీ పెట్టుకున్నాడు. “బస్సువాళ్ళకి నేనే చెప్తాను. కోటు వేసుకో, ఇప్పుడే పోదాం. ఈ అట్ట చూపిస్తా, నా నోటితోనే చెప్తా. ఇవాళింకా శుక్రవారమే గదా, మధ్యాహ్నమైనా కాలేదు. సంతకం పెట్టి రూటు నీ పేరనే...”

నోయెల్లా తలుపు పక్కకి చూసింది. లిగోరి కూడా అటే చూశాడు. మేకు ఉంది. ఎర్ర ఊలు కుచ్చు లేదు.

“పొద్దున తొమ్మిదింటికి ఇచ్చేశాను,” అంది ఆమె. “ఆ పిల్ల అక్కడే సంతకం పెట్టి, రూటు చూసుకోడానికి అక్కడినుంచే బస్సెక్కింది. ఇవాళ నువ్వు ఎన్నింటికి లేచావు, లిగోరీ?”